టెక్నికల్ విషయాలు తేలిక ఇంగ్లీషులో రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సాఫ్ట్‌వేర్ గైడ్లు, మెషీన్ మాన్యువల్స్, టెస్ట్ రిపోర్టులు, టీమ్‌కి పంపే డిజైన్ నోట్స్ లాంటివి ఇంగ్లీషులో రాయాల్సి వచ్చినవాళ్ళకి మళ్ళీ మళ్ళీ అవే సందేహాలు వస్తుంటాయి. వాటిని పని జరిగే వరసలో ఒకచోట పెట్టాను. ప్రతి జవాబూ దానికదే పూర్తి, కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. ఉదాహరణకి ఇచ్చిన ఇంగ్లీష్ వాక్యాలు కూడా తెలుగు లిపిలోనే ఉన్నాయి. ఒకసారి పైకి చదవండి, ఎక్కడ తడబడుతున్నామో చెవికే తెలిసిపోతుంది.

## రాయడానికి కూర్చునే ముందు

నా ఇంగ్లీష్ అంతంతమాత్రం. టెక్నికల్ రైటింగ్ నావల్ల అవుతుందా?

అవుతుంది. ఈ పనికి కావలసిన ఇంగ్లీష్ చాలా చిన్నది. విమానాల మరమ్మతు మాన్యువల్స్ సంగతి చూడండి. వాటిని చదివే మెకానిక్కుల్లో చాలామందికి ఇంగ్లీష్ మాతృభాష కాదు. అందుకని 1970ల చివర్లో యూరప్ విమానయాన సంస్థలు అడిగితే, తయారీదారుల సంఘం ఒక కుదించిన ఇంగ్లీషును తయారుచేసింది. 1986లో మొదటిసారి వచ్చిన ఆ నియమాలే ఇప్పుడు ఏఎస్‌డీ-ఎస్‌టీఈ 100 అనే స్టాండర్డ్. అందులో వాడొచ్చని ఒప్పుకున్న మామూలు మాటలు దాదాపు 900. విడిభాగాలు, పనిముట్ల పేర్లు దీనికి అదనం. ఆ కాసిని మాటలతోనే జెట్ ఇంజన్ విప్పి మళ్ళీ బిగించడం ఎలాగో చెప్పేస్తున్నారు.

నిజం చెప్పాలంటే, ఇంగ్లీష్ గడగడా వచ్చినవాళ్ళకే ఇక్కడ ఇబ్బంది ఎక్కువ. వాళ్ళ చేతికి పెద్ద మాటలు సులువుగా అందుతాయి. మీరు గట్టి చేసుకోవాల్సినవి నాలుగు: మామూలు వర్తమాన కాలం, ఆజ్ఞా రూపం, ఆర్టికల్స్, ఇఫ్-వెన్-బికాజ్ లాంటి కలిపే మాటలు. మిగతావి స్పెల్ చెకర్ చూసుకుంటుంది.

చదివేవాళ్ళు అన్ని రకాలూ ఉంటారు. ఎవర్ని దృష్టిలో పెట్టుకోవాలి?

ఒక్కరిని. “యూజర్లందరూ” అనుకుంటే ఎవరికీ పనికిరాని డాక్యుమెంట్ తయారవుతుంది. మీకు తెలిసిన ఒక మనిషిని మనసులో పెట్టుకోండి. మొన్ననే చేరిన జూనియర్ కావచ్చు, పక్క టీమ్‌లో టెస్టర్ కావచ్చు. ఆ మనిషికి ఇప్పటికే ఏం తెలుసో రెండు మూడు ముక్కల్లో రాసుకోండి: కమాండ్ లైన్ వాడటం వచ్చు, మన డేటాబేస్ గురించి తెలియదు, అడ్మిన్ పాస్‌వర్డ్ లేదు. ఈ ముక్కల్నే కాస్త మర్యాదగా మార్చి డాక్యుమెంట్ మొదట్లో “ముందుగా కావలసినవి” అని పెట్టండి. దాంతో ఇది తనకోసం కాదని తెలిసినవాడు మొదటి నిమిషంలోనే వెళ్ళిపోతాడు. అది వాడికీ మంచిదే, మీకూ మంచిదే.

విషయం నాకే పూర్తిగా తేలలేదు. రాస్తూ ఉంటే అదే తేలుతుందా?

మీకోసం రాసుకునే నోట్స్‌లో తేలుతుంది. కానీ ఆ నోట్స్‌నే ఇతరులకి పంపితే తేలదు, మీ తికమక వాళ్ళకి కూడా అంటుకుంటుంది.

తికమకగా ఉన్న టెక్నికల్ వాక్యం కనబడితే నేను ముందు గ్రామర్ చూడను. రాసినవాళ్ళకి ఏ సంగతి తెలియదో వెతుకుతాను. తొంభై పాళ్ళు అక్కడే దొరుకుతుంది. ఉదాహరణకి, “అప్రోప్రియేట్ యాక్షన్ షుడ్ బీ టేకెన్” అని ఉందంటే ఆ పని ఏమిటో రాసినవాళ్ళకి తెలియదన్నమాట. “వేరియస్ ఫ్యాక్టర్స్” అని ఉందంటే ఆ కారణాలు ఏవో ఎవరూ కూర్చుని చూడలేదు. “పీరియాడికల్లీ” అంటే గంటకా, నెలకా అడగలేదు.

కాబట్టి రాయబోయే ప్రతి పనికీ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు చేస్తారు? ఎప్పుడు చేస్తారు? చేశాక ఏం కనిపిస్తుంది? చేయకపోతే ఏమవుతుంది? వీటిలో దేనికి జవాబు లేకపోయినా పెన్ను పక్కన పెట్టి, తయారుచేసిన ఇంజనీర్ దగ్గరికి వెళ్ళండి. ఇలా అడిగినప్పుడు చాలాసార్లు ఆ ఇంజనీరే “అవును, దీన్ని మనం తేల్చలేదు” అంటారు. అది డాక్యుమెంట్లో లోపం కాదు, ప్రోడక్ట్‌లో లోపం. మీరు అడగబట్టి బయటపడింది.

ముందు తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి మార్చుకుంటే తప్పా?

అనుకోవడం తప్పు కాదు. వాక్యం కట్టును కూడా అలాగే మోసుకొస్తేనే చిక్కు. తెలుగులో “కవర్ తీసి, స్క్రూలు విప్పి, బోర్డు బయటికి లాగి, కేబుల్ ఊడదీయాలి” అన్నది చక్కగా నడిచే వాక్యం. దీన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెడితే “ఆఫ్టర్ రిమూవింగ్, అన్‌స్క్రూయింగ్ అండ్ పుల్లింగ్” అంటూ ఊపిరాడని వాక్యం అవుతుంది. తెలుగులో ఎన్ని “-సి”, “-పి”, “-గి” వచ్చాయో లెక్కపెట్టండి. ఒక్కోదాన్నీ ఒక్కో ఇంగ్లీష్ వాక్యం చేయండి. చాలాసార్లు అవే మీ స్టెప్పులు.

ట్యుటోరియల్, గైడ్, రిఫరెన్స్ అన్నీ ఒకటే కదా?

కాదు. కొత్తవాళ్ళని చెయ్యి పట్టుకుని నడిపించేది ట్యుటోరియల్. ఒక పని ఎలా పూర్తి చేయాలో చెప్పేది గైడ్. వెతుక్కుని చూసుకునేది రిఫరెన్స్. ఎందుకిలా పనిచేస్తుందో చెప్పేది వివరణ. నాలుగూ ఒకే పేజీలో కలిపేస్తే చదివేవాళ్ళు మూడొంతులు దాటేస్తూ పోవాలి. రాసేముందు పేజీ ఏ రకమో ఒక మాటలో తేల్చుకోండి. స్టెప్పుల మధ్యలో చరిత్ర చెప్పాలనిపిస్తే దాన్ని వేరే పేజీకి పంపండి.

## రాస్తున్నప్పుడు

ఒక వాక్యం ఎంత పొడవు ఉండాలి?

విమాన మాన్యువల్స్ స్టాండర్డ్ ప్రకారం పని చెప్పే వాక్యానికి 20 మాటలు, వివరించే వాక్యానికి 25 మాటలు హద్దు. పేరాకి ఆరు వాక్యాలు. కొలతకి ఇది బాగుంటుంది. కానీ నేను మాటలకంటే ముందు పనులు లెక్కపెడతాను. ఒక వాక్యంలో చదివేవాళ్ళు చేయాల్సిన పని ఒక్కటే ఉండాలి. రెండు పనులు ఒకేసారి చేయాల్సి వస్తే మాత్రం, అంటే ఒక బటన్ నొక్కి పట్టుకుని ఇంకోటి తిప్పాల్సిన చోట, రెండూ ఒకే వాక్యంలో ఉండటమే న్యాయం.

అలాగని అన్ని వాక్యాలూ ఐదేసి మాటలతో కోసిపారేయకండి. “బికాజ్”, “సో” ఎగిరిపోతే ఏది కారణమో ఏది ఫలితమో తెలియకుండా పోతుంది.

పెద్ద పదాలు వాడకపోతే ప్రొఫెషనల్‌గా ఉంటుందా?

ఈ వాక్యం చూడండి: “ఇన్ ద ఈవెంట్ దట్ ద యూజర్ ఈజ్ అనేబుల్ టు పర్ఫార్మ్ ద లాగిన్ ఆపరేషన్, వెరిఫికేషన్ ఆఫ్ ద పాస్‌వర్డ్ షుడ్ బీ కారీడ్ అవుట్.” మొత్తం 21 మాటలు. చెప్పిన సంగతి ఏమిటంటే లాగిన్ కాకపోతే పాస్‌వర్డ్ చూసుకోమని.

ఒక్కోటీ విప్పుదాం. “ఇన్ ద ఈవెంట్ దట్” అంటే “ఇఫ్”. “ద యూజర్” అంటే చదువుతున్న మనిషే కాబట్టి “యూ”. “ఈజ్ అనేబుల్ టు” అంటే “కెనాట్”. “పర్ఫార్మ్ ద లాగిన్ ఆపరేషన్” లో అసలు పని “లాగ్ ఇన్”, మిగతా మూడూ దాని చుట్టూ కట్టిన గుడ్డ. “వెరిఫికేషన్ షుడ్ బీ కారీడ్ అవుట్” లో అసలు క్రియ వెరిఫికేషన్ అనే నామవాచకంలో దాక్కుంది. బయటికి లాగితే “చెక్”. ఇప్పుడు వాక్యం: “ఇఫ్ యూ కెనాట్ లాగ్ ఇన్, చెక్ యువర్ పాస్‌వర్డ్.” ఎనిమిది మాటలు, అర్థం అదే.

ఇందులో ఎక్కువ పని చేసింది చిన్న పదాలు వెతకడం కాదు, దాక్కున్న క్రియని బయటికి తీయడం. “-షన్”, “-మెంట్” తో ముగిసే మాట కనిపించిన ప్రతిచోటా ఒకసారి ఆగి చూడండి. “మేక్ యాన్ అడ్జస్ట్‌మెంట్” ఉంటే “అడ్జస్ట్” చాలు. “యుటిలైజ్” కి “యూజ్”, “ప్రయర్ టు” కి “బిఫోర్” పెట్టడం మీకు ఎలాగూ తెలుసు.

మరి టెక్నికల్ పదాలు కూడా తీసేయాలా?

అక్కర్లేదు. “టార్క్”, “కెర్నల్”, “లేటెన్సీ” లాంటివి ఆ రంగంలో పనిచేసేవాళ్ళకి తేలిక మాటలే. వాటి బదులు చుట్టుతిప్పి చెబితే వెతికినప్పుడు కూడా దొరకవు. మీ పాఠకుడికి కొత్త అనిపించే పదాన్ని మొదటిసారి వచ్చినచోటే ఒక వాక్యంలో చెప్పి ముందుకు వెళ్ళండి.

పాసివ్ వాయిస్ అసలు వాడకూడదా?

ఎవరు చేశారన్నది ముఖ్యమైనచోట వాడకూడదు. “ద టెంపరరీ ఫైల్స్ మస్ట్ బీ డిలీటెడ్ బిఫోర్ ది అప్‌గ్రేడ్” అని ఉంది. తీసేసేది నేనా, ఇన్‌స్టాలరా? ఇన్‌స్టాలరే చూసుకుంటుందనుకుని ఒకడు ముందుకెళతాడు, అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోతుంది. “డిలీట్ ద టెంపరరీ ఫైల్స్” అన్నా, “ది ఇన్‌స్టాలర్ డిలీట్స్ ద టెంపరరీ ఫైల్స్” అన్నా గొడవ లేదు.

చేసినవాళ్ళు ఎవరో తెలియనప్పుడు, తెలిసినా అనవసరమైనప్పుడు పాసివ్ హాయిగా వాడుకోండి. “ద సర్వర్ వజ్ అటాక్డ్ ఎట్ 02:14” లో తప్పేమీ లేదు. పాసివ్ కనిపిస్తే చాలు ఎర్రగీత గీసే టూల్స్ ఉన్నాయి. వాటి మాట సగమే వినండి.

ఒకే మాట పదిసార్లు వస్తే బోర్ కొట్టదా? స్కూల్లో పర్యాయపదాలు వాడమన్నారు.

వ్యాసానికి అది సరే, మాన్యువల్‌కి కాదు. మొదటి పేరాలో “ఫోల్డర్” అని, రెండో పేరాలో “డైరెక్టరీ” అని, మూడో పేరాలో “లొకేషన్” అని రాస్తే పాఠకుడు మూడు వేర్వేరు చోట్లు అనుకుంటాడు. వాడి తప్పేం లేదు. పేరు మారితే వస్తువు మారిందనుకోవడమే సరైన పద్ధతి. ఒక వస్తువుకి ఒక పేరు పెట్టండి, చివరిదాకా అదే వాడండి. స్క్రీన్ మీద బటన్‌కి “సేవ్” అని ఉంటే మీరూ “సేవ్” అనే రాయాలి, “స్టోర్” అనకూడదు. టీమ్‌లో నలుగురు రాస్తున్నట్టయితే అరపేజీ పదాల జాబితా ఒకటి పెట్టుకోండి.

నామవాచకాలు రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఎలా విడగొట్టాలి?

“యూజర్ అకౌంట్ పాస్‌వర్డ్ రీసెట్ రిక్వెస్ట్ ఫెయిల్యూర్ నోటిఫికేషన్.” ఏడు మాటలు వరసగా, మధ్యలో ఒక్క ప్రిపోజిషన్ లేదు. ఫెయిలైంది రీసెట్టా, రిక్వెస్టా? వెనకనుంచి విప్పుకుంటూ రండి: “ద మెసేజ్ దట్ యూ గెట్ వెన్ ఎ పాస్‌వర్డ్ రీసెట్ ఫెయిల్స్.” మాటలు పెరిగాయి, ఫరవాలేదు. వరసగా మూడు నామవాచకాలు దాటితే విడగొట్టడం మంచి అలవాటు.

ఎ, యాన్, ద తీసేస్తే వాక్యం చిన్నదవుతుంది కదా?

చిన్నదవుతుంది, అర్థం కూడా తగ్గుతుంది. “ఓపెన్ వాల్వ్” అంటే వాల్వ్ తెరవమనా, తెరిచి ఉన్న వాల్వ్ అనా? “ఓపెన్ ద వాల్వ్” అంటే పని. “ది ఓపెన్ వాల్వ్” అంటే వస్తువు. ఫ్యాక్టరీ గోడమీద అతికించే కాగితం మీద ఈ తేడా చాలా పెద్దది. ఏ వాల్వో పాఠకుడికి ఇప్పటికే తెలిస్తే “ద”, ఏదైనా ఒకటి చాలనుకుంటే “ఎ”. బొమ్మల్లో లేబుళ్ళకీ, టేబుల్ శీర్షికలకీ మాత్రం ఆర్టికల్స్ లేకపోయినా నడుస్తుంది.

మస్ట్, షుడ్, మే వీటిలో ఏది ఎక్కడ?

ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళు దీన్ని 1997లోనే తేల్చారు. ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే చిన్న పత్రం ప్రకారం “మస్ట్” అంటే తప్పనిసరి. “షుడ్” అంటే తగిన కారణం ఉంటే, పర్యవసానం తెలిసి వదిలేయొచ్చు. “మే” అంటే మీ ఇష్టం. 2017లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8174, పెద్ద అక్షరాల్లో రాసినప్పుడే వాటికి ఆ ప్రత్యేక అర్థం అని స్పష్టం చేసింది.

మామూలు మాన్యువల్స్‌లో అయితే “షుడ్” ని అనుమానంగా చూడండి. “ద లైట్ షుడ్ టర్న్ గ్రీన్” అంటే పచ్చగా అవుతుందని చెబుతున్నారా, కాకపోతే ఏదో లోపం ఉందని హెచ్చరిస్తున్నారా? “ద లైట్ టర్న్స్ గ్రీన్. ఇఫ్ ఇట్ డజ్ నాట్, స్టాప్ ద టెస్ట్” అంటే ఎవరికీ టెన్షన్ ఉండదు. “మే” కూడా ఇంతే, అనుమతి అయితే “కెన్”, జరగొచ్చు అనడానికి “మైట్” పెట్టుకుంటే రెండర్థాలు పోతాయి.

చిన్న మాటలు కూడా తికమక పెడతాయా?

ఎక్కువ పెట్టేవి అవే. “ఓన్లీ అడ్మిన్స్ కెన్ డిలీట్ ఫైల్స్” అంటే అడ్మిన్లు తప్ప ఎవరూ తీసేయలేరని. “అడ్మిన్స్ కెన్ ఓన్లీ డిలీట్ ఫైల్స్” అంటే అడ్మిన్లు తీసేయడం తప్ప ఇంకేమీ చేయలేరని. పర్మిషన్ల పేజీలో ఒక్క మాట పక్కకి జరిగినందుకు సెక్యూరిటీ నియమమే మారిపోయింది. “వన్స్” కి “తర్వాత”, “ఒకసారి” అని రెండర్థాలున్నాయి కాబట్టి “ఆఫ్టర్” మేలు. “సిన్స్” కి “నుంచి”, “ఎందుకంటే” రెండూ ఉన్నాయి, కారణమైతే “బికాజ్” రాయండి. వాక్యం మొదట్లో ఒంటరిగా “దిస్” వస్తే దాని పక్కన ఒక నామవాచకం కూర్చోబెట్టండి, “దిస్ సెట్టింగ్”, “దిస్ ఎర్రర్” అని.

స్టెప్పులు ఏ వరసలో రాయాలి?

చెయ్యి కదిలే వరసలో. ఎక్కడికి వెళ్ళాలో ముందు, ఏం చేయాలో తర్వాత: “ఇన్ ద సెట్టింగ్స్ మెనూ, సెలెక్ట్ బ్యాకప్.” షరతు ఉంటే అదే మొదట రావాలి. “క్లిక్ డిలీట్ ఇఫ్ యూ వాంట్ టు రిమూవ్ ది ఎంటైర్ ప్రాజెక్ట్” అని రాస్తే, “ఇఫ్” దాకా రాకముందే క్లిక్ చేసేసేవాళ్ళు ఉంటారు. జనం స్టెప్పుల్ని చదివి చేయరు, చదువుతూనే చేస్తారు.

హెచ్చరిక విషయంలో ఇది ప్రాణాల మీదికి వస్తుంది. “కరెంట్ ఆపు” అన్న మాట “వైరు కత్తిరించు” కి ముందు ఉండాలి, కింద నోట్‌లో కాదు. హెచ్చరిక మాటలకీ అంతస్తులున్నాయి. అమెరికా ప్రమాణం ఏఎన్‌ఎస్‌ఐ జెడ్535 ప్రకారం తప్పించుకోకపోతే చావో తీవ్ర గాయమో ఖాయమైతే “డేంజర్”, అలా జరిగే అవకాశం ఉంటే “వార్నింగ్”, చిన్నా చితకా గాయాలైతే “కాషన్”, మనుషులకి కాక వస్తువులకి నష్టమైతే “నోటీస్”. ప్రతిదానికీ “వార్నింగ్” పెడితే అసలైన చోట ఎవరూ పట్టించుకోరు.

అంకెలు, యూనిట్లు, తేదీలు ఎలా రాయాలి?

యూనిట్ లేని అంకె రాయకండి. 1999 సెప్టెంబర్ 23న నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక అంగారకుడి దగ్గర గల్లంతయింది. భూమి మీద ఒక సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల తోపు లెక్కని పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చింది. దాన్ని అందుకున్నవాళ్ళు ఒప్పందం ప్రకారం న్యూటన్ సెకన్లే అనుకున్నారు. రెండింటికీ తేడా దాదాపు 4.45 రెట్లు.

రోజూ ఎదురయ్యే చిక్కులు ఇంకా చిన్నవి. మెగాబైట్‌కి పెద్ద బి, మెగాబిట్‌కి చిన్న బి. తారుమారైతే ఎనిమిది రెట్ల తేడా. 03/04 అన్న తేదీ కొన్ని దేశాల్లో మార్చి 4, కొన్నిచోట్ల ఏప్రిల్ 3. ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం పద్ధతిలో, అంటే ఏడాది-నెల-రోజు వరసలో, 2025-04-03 అని రాయండి, లేదా నెల పేరే అక్షరాల్లో పెట్టండి. సమయం రాస్తే టైమ్ జోన్ కూడా రాయండి.

పొడి అక్షరాలు ఎప్పుడు విడమరచాలి?

మొదటిసారి వచ్చినప్పుడు. పెద్ద డాక్యుమెంట్ అయితే ప్రతి అధ్యాయంలోనూ, ఎందుకంటే జనం సెర్చ్‌లోంచి నేరుగా మధ్యలో వచ్చి పడతారు. ఏటీఎం అంటే బ్యాంకు వాళ్ళకి డబ్బులిచ్చే మెషీన్, నెట్‌వర్క్ వాళ్ళకి ఎసింక్రనస్ ట్రాన్స్‌ఫర్ మోడ్ అనే డేటా పంపే పద్ధతి. రెండుసార్లకి మించి రాని పేరుకి పొడి అక్షరాలు అసలు కట్టకండి.

ఎర్రర్ మెసేజ్ రెండు ముక్కల్లో ఎలా సర్దాలి?

ఏం జరిగింది, ఇప్పుడేం చేయాలి. ఈ రెండూ ఉంటే చాలు. “ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్” లో రెండోది లేదు, మొదటిది కూడా సగమే. “ద డేట్ ఈజ్ ఇన్ ద పాస్ట్. ఎంటర్ టుడేస్ డేట్ ఆర్ లేటర్” అంటే చదివినవాళ్ళు అక్కడికక్కడే సరిచేసుకుంటారు. “ఊప్స్” లాంటివి వద్దు. చేస్తున్న పని చెడి కూర్చున్నవాళ్ళకి సరదా కబుర్లు మంట పుట్టిస్తాయి. ఎర్రర్ కోడ్ ఉంటే చివర్లో పెట్టండి, సపోర్ట్ వాళ్ళకి పనికొస్తుంది.

డోంట్, కాంట్ అని కుదించి రాయొచ్చా?

దీనిమీద స్టైల్ గైడ్లే ఒకమాట మీద లేవు. స్నేహంగా ఉంటుందని సాఫ్ట్‌వేర్ కంపెనీల గైడ్లు రాయమంటాయి. విమాన మాన్యువల్స్ స్టాండర్డ్ వద్దంటుంది. ప్రమాదం ఉన్నచోట “డు నాట్” అని విడిగా రాయండి, “నాట్” కంటికి కనిపించాలి. మిగతాచోట్ల మీ టీమ్ అలవాటు.

లాగిన్ ఒక మాటా, రెండు మాటలా?

పేరుగా వాడితే ఒకటే మాట: “యువర్ లాగిన్”. పనిగా వాడితే రెండు: “లాగ్ ఇన్”. సెటప్, బ్యాకప్ కూడా ఇంతే.

## దిద్దుతున్నప్పుడు

రాసింది చదవడానికి ఎంత తేలికో లెక్కకట్టే రీడబిలిటీ స్కోర్ బాగా వచ్చింది. ఇక నిశ్చింతేనా?

కాదు. రుడాల్ఫ్ ఫ్లెష్ 1948లో ఇచ్చిన సూత్రం, దాన్ని 1975లో అమెరికా నేవీ కోసం మార్చిన ఫ్లెష్-కిన్‌కెయిడ్ సూత్రం రెండే చూస్తాయి: వాక్యానికి ఎన్ని మాటలు, మాటకి ఎన్ని సిలబుల్స్. మీ వాక్యంలోని మాటల్ని తలకిందులుగా పేర్చి మళ్ళీ కొలవండి, స్కోర్ మారదు. అర్థం సంగతి ఆ లెక్కకి తెలియదు. స్కోర్ మరీ ఘోరంగా వచ్చిన పేరాలు ఎక్కడున్నాయో వెతుక్కోవడానికి మాత్రం పనికొస్తుంది.

రాసింది అర్థమవుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఆ విషయం తెలియని మనిషి చేతికిచ్చి, ఆ పని చేయమని చెప్పి, మీరు నోరు మూసుకుని కూర్చోండి. చివరిది అన్నిటికంటే కష్టం. “అక్కడ కాదు, పైన” అనాలనిపిస్తుంది. అన్నారంటే పరీక్ష పోయినట్టే. ఎక్కడ ఆగారు, ఏ వాక్యం రెండోసారి చదివారు, ఎక్కడ స్క్రోల్ చేసి వెనక్కి వెళ్ళారు, ఇవి రాసుకోండి. “అర్థమైందా?” అని అడగకండి, మర్యాదకి అందరూ అయిందనే అంటారు. “ఇప్పుడేం చేయబోతున్నారు?” అని అడగండి. ఇద్దరు ముగ్గురితో చేస్తేనే పెద్ద గోతులన్నీ కనబడతాయి.

ఎవరూ దొరక్కపోతే, మీ కంప్యూటర్లో కొత్త యూజర్ అకౌంట్ తెరిచి, మీ స్టెప్పుల్ని మీరే అక్షరం పొల్లుపోకుండా చేయండి. మీ మెషీన్‌లో ముందే ఉండి, రాయడం మర్చిపోయిన సెట్టింగులన్నీ అప్పుడు బయటపడతాయి.

రివ్యూకి పంపితే కామాలు దిద్ది పంపుతున్నారు. విషయం ఎవరూ చూడట్లేదు.

“ప్లీజ్ రివ్యూ” అని పంపితే అదే జరుగుతుంది. కంటికి సులువుగా కనబడేది కామానే కదా. ఒక్కొక్కరికీ ఒక్కో ప్రశ్నతో పంపండి: “నాలుగో స్టెప్‌లో 30 సెకన్ల టైమవుట్ సరైనదేనా?”, “ఈ కమాండ్ పాత వెర్షన్‌లో పనిచేస్తుందా?” నలభై పేజీలు ఒకేసారి కాక, ఎవరికి సంబంధించిన మూడు పేజీలు వాళ్ళకి పంపితే జవాబు కూడా త్వరగా వస్తుంది.

ఏఐ టూల్‌కిచ్చి తేలిక ఇంగ్లీషులోకి మార్చమంటే సరిపోదా?

వాక్యాలు నున్నగా అవుతాయి, అక్కడే జాగ్రత్తగా ఉండాలి. ముందు గరుకుగా ఉన్న తప్పు కంటికి తగిలేది, ఇప్పుడు తగలదు. “మైట్” ని “విల్” చేయడం, “అన్‌లెస్” తో ఉన్న షరతుని ఎగరగొట్టడం, లేని ఆప్షన్ కలపడం జరుగుతుంటాయి. మార్చిన ప్రతిలో అంకెలు, షరతులు, కమాండ్లు, పేర్లు ఈ నాలుగూ మూలంతో పక్కపక్కన పెట్టి చూడండి. బయటికి పోకూడని సమాచారం అందులో పేస్ట్ చేయకండి. నా మటుకు నాకు దానిచేత రాయించడంకంటే, “కొత్తగా చదివేవాళ్ళకి ఇందులో ఏ సందేహాలు మిగులుతాయి?” అని అడగడమే ఎక్కువ ఉపయోగపడింది.

“మరీ చిన్నపిల్లల భాషలా ఉంది” అని సీనియర్లు అంటున్నారు. ఏం చెప్పాలి?

వాదనకంటే ఉదాహరణ నయం. డీఎన్ఏ నిర్మాణం గురించి వాట్సన్, క్రిక్ 1953లో ప్రచురించిన పేపర్ ఒక పేజీ కంటే కాస్త ఎక్కువ, అంతే. “వుయ్” అని మొదలవుతుంది. దాన్ని చిన్నపిల్లల భాష అని ఎవరూ అనలేదు.

నియమాలు అడిగేవాళ్ళయితే అవీ ఉన్నాయి. అమెరికా ప్రభుత్వ సంస్థలు ప్రజలకి అర్థమయ్యేలా రాయాలని 2010లో ప్లెయిన్ రైటింగ్ యాక్ట్ వచ్చింది. 2023లో ఐఎస్ఓ 24495-1 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. పాఠకుడికి కావలసింది ఉండాలి, అది దొరకాలి, అర్థం కావాలి, వాడుకోగలగాలి అన్నవి అందులోని నాలుగు సూత్రాలు. వాక్యాలు ఎంత చిన్నవన్న పట్టింపు దాని తర్వాతే. ఇంతా చెప్పినా ఒప్పుకోకపోతే, పాత పేజీనీ కొత్త పేజీనీ ఒక కొత్త ఉద్యోగికిచ్చి పని చేయించి, ఆ సీనియర్‌ని పక్కన కూర్చోబెట్టండి.

## బయటికి వెళ్ళాక

అంతా స్పష్టంగా రాశాం. అయినా అవే ప్రశ్నలు వస్తున్నాయి. ఎందుకు?

చాలావరకు వాళ్ళు చదవకపోవడం కాదు, దొరకకపోవడం. జవాబు మీ పేజీలో “కాన్ఫిగరేషన్ కన్సిడరేషన్స్” అనే శీర్షిక కింద ఉంటుంది. వాళ్ళు వెతికేది “ప్రింటర్ నాట్ వర్కింగ్” అని. సపోర్ట్‌కి వచ్చిన ఈమెయిళ్ళు తెరిచి, జనం వాడిన మాటలనే శీర్షికల్లో పెట్టండి. ఎర్రర్ మెసేజ్‌ని తెరమీద ఉన్నది ఉన్నట్టు, బొమ్మగా కాకుండా అక్షరాలుగా పేజీలో ఉంచండి, లేకపోతే సెర్చ్‌కి చిక్కదు. లింక్ మీద “క్లిక్ హియర్” అనకుండా ఎక్కడికి వెళుతుందో రాయండి. చూపులేనివాళ్ళు తెరమీది రాతని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఒక్కోసారి లింకుల జాబితా మాత్రమే వింటుంటారు, వాళ్ళకి వరసగా పది “క్లిక్ హియర్” లు వినిపిస్తే ఏం లాభం?

ప్రతి స్టెప్‌కీ స్క్రీన్‌షాట్ పెట్టాలా?

వద్దు. బటన్ రంగు మారిన ప్రతిసారీ అన్నీ మళ్ళీ తీయాలి. మాటల్లో చెప్పడం కష్టమైనచోట పెట్టి, బొమ్మలో ఉన్న సంగతి ఆల్ట్ టెక్స్ట్‌గా, అంటే బొమ్మ చూడలేనివాళ్ళకి దాని బదులు అందే మాటలుగా, కూడా రాయండి.

ఎవరో ఎప్పుడో రాసిన 80 పేజీల మాన్యువల్ నా నెత్తిన పడింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి పేజీలో మాత్రం వద్దు. అక్కడ మొదలుపెట్టినవాళ్ళు పరిచయాన్ని అందంగా దిద్ది, పన్నెండో పేజీ దగ్గర అలసిపోతారు. ముందు తప్పుడు సమాచారం ఉన్న పేజీలు పట్టుకోండి, అంటే తీసేసిన ఫీచర్లు, మారిన కమాండ్లు. వాటిని దిద్దే టైమ్ లేకపోతే కొట్టేయండి. తప్పు పేజీ ఉండటంకంటే పేజీ లేకపోవడం నయం. తర్వాత ప్రమాదమో డేటా నష్టమో ఉన్న స్టెప్పులు. ఆ తర్వాత సపోర్ట్‌కి ఎక్కువ ప్రశ్నలు తెచ్చే ఐదారు పేజీలు. శైలి దిద్దడం వీటి తర్వాతే.

దిద్దిన ప్రతి పేజీ పైనా ఏ వెర్షన్‌కి వర్తిస్తుందో, చివరిసారి ఎప్పుడు సరిచూశారో తేదీతో పెట్టండి. మిగిలిన పేజీలకి తేదీ ఉండదు కాబట్టి, ఇంకా ఎవరూ ముట్టుకోనివి ఏవో మీకూ మీ తర్వాత వచ్చేవాళ్ళకీ చూడగానే తెలుస్తుంది.